మాస్టారి చెయ్యి చూడని కోడలు

శనివారం మధ్యాహ్నం ఎంగ్‌కోబో చర్చి హాల్లో పాటల బృందంలోని ఇరవై ఇద్దరు ఆడవాళ్ళు గోడ వారగా నిలబడితే, మాడ్లోమో చీపురుకర్ర పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టేది. కర్రకి కింద ఒక గాటు ఉంది. స్కర్టు అంచు సరిగ్గా ఆ గాటు దగ్గర ఆగాలి. పైకి ఉంటే "విప్పి దించుకో" అనేది. కిందికి ఉంటే "మడిచి కుట్టుకో" అనేది. "ఈసారికి పోనీ" అన్న మాట ఆవిడ నోట విన్నవాళ్ళు లేరు. అరవై రెండేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి, అయినా ఇరవై రెండుసార్లు వంగి ఇరవై రెండుసార్లు లేచేది. ఇంట్లో కిందపడ్డ చెంచా తియ్యడానికి మాత్రం మూలిగేది.

మాడ్లోమో అన్నది ఆవిడ పేరు కాదు, పుట్టింటి వంశం పేరు. మా వైపు పెళ్ళయిన ఆడదాన్ని అలాగే పిలుస్తారు. అసలు పేరు పెళ్ళినాడు చర్చి పుస్తకంలో ఒకసారి రాశారు, మళ్ళీ రాయవలసి వచ్చేది సమాధి రాయి మీదే. ఆవిడ భర్త మబాండ్లా మాస్టారు హైస్కూలు హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి. ముప్ఫై నాలుగేళ్ళుగా ఇక్వేజీ అనే ఈ క్వయర్‌ని ఆయనే నడుపుతున్నాడు. ఆయన పాట చూసుకునేవాడు, ఆవిడ మనుషుల్ని చూసుకునేది. ఇన్ని బహుమతులు ఎవరి వల్ల వచ్చాయంటే ఊరంతా మాస్టారి పేరు చెప్పేది. మాడ్లోమోని అడిగితే బూట్ల పాలిష్ వల్ల అని చెప్పేది.

ఆవిడకి ఈ పట్టుదల ఊరికే రాలేదు. పంతొమ్మిదో ఏట మొదటిసారి పోటీకి వెళ్ళినప్పుడు, పాట మధ్యలో ఆవిడ ఎర్ర లోపలి లంగా నాలుగు వేళ్ళు కిందికి జారింది. "మొదటి వరసలో మూడో అమ్మాయి లంగా టెనర్ల కన్నా గట్టిగా వినిపించింది" అని ఒక జడ్జి కాగితం మీద రాశాడు. ఆ కాగితాన్ని అందరి ముందూ చదివారు. బస్సులో ఇంటిదాకా ఆవిడ తల ఎత్తలేదు. టెనర్లు, అంటే హెచ్చు స్వరం పాడే మగవాళ్ళు, మాత్రం పదేళ్ళపాటు ఆ మాట చెప్పుకుని నవ్వుకున్నారు, అందులో తమకీ వాత పడిందని వాళ్ళకి తట్టనేలేదు.

అందుకే క్వయర్ మాస్టారి చేతికి రాగానే ఇక్వేజీకి మాడ్లోమో చట్టం వచ్చింది. బూట్లు నల్లగా ఉండాలి, తళతళలాడకూడదు. చెవులకీ మెడకీ ఏమీ ఉండకూడదు. సెంటు పూసుకొస్తే వెనక్కి పంపేది, ఎందుకంటే వెనక వరసలో ఒక టెనర్‌కి తుమ్ములు. ఫోన్లన్నీ బుట్టలో పడేసి స్టేజీ ఎక్కాలి. ఎక్కేటప్పుడు ముందువాళ్ళ మడమలు చూడకుండా, పెళ్ళి ఊరేగింపులోలా చేతులు ఊపకుండా, బడిపిల్లల్లా పరిగెత్తకుండా నడవాలి. జనంలో మేనత్త కనపడితే నవ్వకూడదు, మేనమామ కనపడినా నవ్వకూడదు. ముక్కు దురదపెడితే పాట అయ్యేదాకా దురదపెట్టనివ్వాలి. తప్పు పాడితే మొహంలో తెలియనివ్వకూడదు, పక్కవాళ్ళ వంక చూడకూడదు. వీటన్నిటికీ మించింది, కాగితం మీద ఒకటో నంబరు వేసి రాసింది: పాట మొదలైన దగ్గరనుంచి చివరిదాకా చూపు మాస్టారి చేతి మీదే ఉండాలి. చూపు తప్పి మూడో హెచ్చరిక పడ్డవాళ్ళు స్కర్టు తిరిగిచ్చేసి, జనంతోపాటు బెంచీ మీద కూర్చుని పాట వినాలి. ఆ కాగితం కింద సంతకం ఆవిడదే.

డిసెంబరులో మాడ్లోమో కొడుకు లువాజీకి పెళ్ళయింది. రోడ్ల శాఖలో పని, క్వయర్లో మగవాళ్ళ అడుగు స్వరం, బాస్, పాడతాడు, మంచివాడు, తల్లికి కొంచెం భయపడతాడు. కోడలికి అత్తింటివాళ్ళు నోసఖేలే అని కొత్త పేరు పెట్టారు. ఊళ్ళో సగం ఇళ్ళు పాత కట్టుబాట్లు వదిలేసి చాలాకాలమైంది. మబాండ్లా ఇంట్లో మాత్రం మాస్టారి అక్క, నోంటెతో అన్నావిడ, బతికుండగా వదిలేది లేదు. కాబట్టి కొత్తకోడలు తలగుడ్డ కనుబొమల దాకా దించి కట్టుకుంది, భుజాల మీద శాలువా కప్పుకుంది, పశువుల దొడ్డి ముందునుంచి కాకుండా ఇంటి వెనకనుంచి తిరిగింది. మావగారి పేరు పలకదు, ఆయన ఉన్నచోట గొంతు ఎత్తదు, ఆయన మొహంలోకి చూడదు. ఆ పిల్ల ఇవన్నీ ఏడుపుమొహంతో చెయ్యలేదు. పుట్టింట్లో నేర్చుకునే వచ్చింది, చక్కగా చేసేది.

పెళ్ళయిన రెండోవారం పొద్దున్నే పెరట్లో కుళాయి దగ్గర బకెట్టు నిండేదాకా ఆ పిల్ల ఏదో కూనిరాగం తీసింది. లోపల మాస్టారు పుల్లపాలలో మొక్కజొన్న పిట్టు కలుపుకుని తింటున్నాడు. చెంచా నోటి దగ్గర ఆగిపోయింది. అంత కింది స్వరం అంత నిండుగా పలికే ఆడగొంతు, ఆల్టో, ఆయనకి పదేళ్ళుగా దొరకలేదు. కాసేపు విని, భార్యతో "కుళాయి దగ్గరున్నవాళ్ళకి చెప్పు, ఆ మూడో స్వరం ఇంకాస్త కిందికి" అన్నాడు. కిటికీకీ కుళాయికీ మధ్య నాలుగడుగులు. ఆ పిల్ల వింటూనే ఉంది. అయినా మాట అత్తగారి మీదుగానే వెళ్ళాలి కాబట్టి మాడ్లోమో కిటికీలోంచి తల బయటపెట్టి చెప్పింది. మూడో స్వరం కిందికి దిగింది.

అలా నోసఖేలే క్వయర్లోకి వచ్చింది. బట్టల చిక్కుని మాడ్లోమో ఒక్క సాయంత్రంలో విప్పేసింది. కోడలు వట్టి తలతో స్టేజీ ఎక్కకూడదు, ఒక్కతే తలగుడ్డతో ఎక్కితే మచ్చలా కనపడుతుంది. అందుకని ఆడవాళ్ళందరికీ ముదురెరుపు తలగుడ్డలూ అదే రంగు శాలువాలూ కుట్టించింది. "పెళ్ళయింది ఆ పిల్లకి, ముసుగు మాకా" అని పై స్వరం పాడే సోప్రానోలు సణిగారు. అద్దంలో చూసుకున్నాక సణుగుడు ఆపేశారు, నిజంగానే బాగున్నారు మరి.

తలకి గుడ్డ చుట్టినంత తేలిగ్గా కళ్ళ సంగతి తేలలేదు. నోసఖేలే పాడుతున్నంతసేపూ మాస్టారి కుడికాలి బూటు చూసేది. ఆయనకి కాలితో తాళం వేసే అలవాటుంది. ఆ మడమ లేచి పడటాన్ని పట్టుకుని ఆ పిల్ల ఎక్కడా తప్పకుండా పాడేది. మాడ్లోమో రెండుసార్లు చట్టప్రకారం హెచ్చరిక రాసింది, రాస్తూనే గొంతు వింటూ ఊరుకుంది. ఈ తప్పు ఇంకెవరైనా చేసుంటే ఆవిడ ఇంత మెత్తగా ఉండేది కాదు. ఆ సంగతి ఆవిడకీ తెలుసు.

జూలైలో కొమానీలో ప్రాంతీయ పోటీ జరిగింది. ఆ ఏడు అందరూ పాడవలసిన పాట వాన గురించి. మూడో చరణానికి ముందు పాట మొత్తం ఆగిపోతుంది. నాలుగు లెక్కలదాకా ఎవరూ ఊపిరి కూడా వినపడనివ్వకూడదు. ఆ తరవాత ఆల్టోలు మాత్రమే అట్టడుగు నుంచి ఎత్తుకోవాలి. సరిగ్గా ఆ మౌనంలో మాస్టారికి కాలిపిక్క పట్టేసింది. చెయ్యి కదలకుండా నిలబడ్డాడు గానీ, నొప్పికి మడమ ఒక్కసారి లేపి దించాడు. నోసఖేలే ఎత్తుకుంది. రెండు లెక్కల ముందే, ఒక్కతే. అక్కడ ఒక్కరే పాడాలి కాబోలనుకుని జనంలో ఒకావిడ సంతోషంతో కేక కూడా పెట్టింది. జడ్జీలు అలా అనుకోలేదు. "రెండో వరసలో ఒక ఆల్టో నేల మీద ఏదో పారేసుకున్నట్టు వెతుక్కుంటోంది" అని రాశారు. ఇక్వేజీ ఎలాగో ఫైనల్‌కి వెళ్ళేవాళ్ళలో ఆఖరిదిగా గట్టెక్కింది.

కమిటీ చైర్మన్ టుట్షానా. శవపేటికల కొట్టూ, క్వయర్‌కి ఉచితంగా ఇచ్చే బస్సూ ఆయనవే. ఆ రెండింటివల్లా ఆయన మాటంటే అందరికీ కాస్త గౌరవం. మూడో హెచ్చరిక పడిపోయింది కాబట్టి ఆ పిల్ల బెంచీ మీద కూర్చోవాలన్నాడు. "చట్టం నాది కాదమ్మా, నీదే. సంతకం నీదే. కోడలికో న్యాయం, మా పిల్లలకో న్యాయం అంటే చెప్పు, కాగితం చించేద్దాం" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. తాను తవ్విన గోతిలో తానే పడ్డానని మాడ్లోమోకి అర్థమైంది. ఫైనల్ ముందు జరిగే ఆఖరి రిహార్సల్ దాకా గడువడిగింది. అప్పటికీ ఆ పిల్ల చూపు లేవకపోతే స్కర్టు తనే వెనక్కి తీసుకుంటానంది.

ఆ సాయంత్రం వంటింట్లో చిక్కుళ్ళు ఏరుతూ కోడలికి సంగతంతా చెప్పింది. నోసఖేలే చాటలో చెయ్యి అలాగే ఉంచి, "ఇంట్లో గొంతు తగ్గించుకు తిరుగుతున్నానత్తయ్యా, దానికి నాకేం బాధ లేదు. మా అమ్మా ఇలాగే తిరిగింది. కానీ అక్కడ కూడా నోరు మూసుకోమంటే మాత్రం నేనుండలేను" అంది. ఆ పిల్ల ఈ ఇంటికొచ్చాక ఏదైనా కావాలని అడగటం అదే మొదలు.

చెయ్యి మాత్రం చూడు, మొహం చూడకు అని మాడ్లోమో సలహా ఇచ్చింది. చెయ్యి మొహం పక్కనుంచే కదా లేస్తుంది, చూపు జారితే ఏం చెయ్యను అని అడిగింది కోడలు. అయితే టై ముడి చూడమంది. ఆ వారం నోసఖేలే టై ముడి చూస్తూ పాడింది, ప్రతి ఎత్తుగడకీ ఆలస్యమైంది. ఎప్పుడు ఊపిరి తీసి ఎత్తుకోవాలో మాస్టారు కనుబొమలతో అందిస్తాడు, టై ముడికి కనుబొమలుండవు కదా.

తరవాతి శనివారం మోకాళ్ళు మరీ సతాయిస్తే మాడ్లోమో ఆల్టోల వరసలో తన చోటునుంచి తప్పుకుని, పక్కన కుర్చీలో కూర్చుని పాట విన్నది. నోసఖేలేని ఆల్టోల మధ్యకి, ఎనిమిదో చోటుకి జరిపించింది. అప్పటిదాకా ఆ పిల్ల చివర్లో తన పక్కనే నిలబడేది. మాస్టారు ఆల్టోలకి అందించవలసినప్పుడల్లా తనవంకే చూసేవాడు. పెళ్ళాన్ని కదా అని ఆవిడ లోలోపల కాస్త మురిసేది కూడా. ఇప్పుడు పక్కనుంచి చూస్తే అసలు సంగతి బయటపడింది. మూడో చరణం దగ్గర మాస్టారి చూపు మొదటి ఆల్టో నుంచి ఒక్కొక్కరి మీదుగా నడిచి వచ్చింది. ఏడోదాని దగ్గరకి వచ్చింది. అక్కడినుంచి ఎగిరి గోడమీది నోటీసు బోర్డు మీద వాలింది. మళ్ళీ పదోదాని దగ్గర దిగింది. తొమ్మిదో ఆల్టో కూడా ఆలస్యంగానే ఎత్తుకుంది, పాపం, ఆవిడకీ ఏమీ అందలేదు.

కోడలు మావగారి మొహం చూడకూడదన్నది నిజమే. మావగారూ కోడలి మొహం చూడకూడదు. ముప్ఫై నాలుగేళ్ళుగా నలభైమంది కళ్ళు కాపలా కాసిన మాడ్లోమో, తన మొగుడి కళ్ళు ఎటు పోతున్నాయో ఒక్కనాడూ చూసుకోలేదు. ఆ పిల్ల బూటు చూడక ఏం చేస్తుంది? బూటుకి పైన ఆ పిల్ల కోసం ఏమీ లేదు.

ఇంటికి రాగానే మాస్టారు కోటు విప్పకముందే పట్టుకుంది.

"లువాజీ నాన్నా, మూడో చరణంలో ఆల్టోలకి ఎవరందిస్తారు?"

"నేనే."

"ఎవర్ని చూసి?"

"అందర్నీ."

"అందర్నీ కాదు. ఏడుగుర్ని చూసి, ఎనిమిదోదాని దగ్గరకొచ్చేసరికి నోటీసు బోర్డు చదువుతున్నారు. ఏముంది దాంట్లో? నిరుటి పిల్లల టీకాల కాగితం."

మాస్టారు కుర్చీలో కూర్చున్నాడు. నోట్లో నాలుక లేని మనిషేం కాదు, మూడొందలమంది పిల్లల్ని ఒక్క దగ్గుతో నిలబెట్టినవాడు. కానీ ఇది ఇంటి సంగతి. "కోడల్ని తేరిపార చూసే మావగారు ఎక్కడైనా ఉంటాడా?" అన్నాడు.

"మావగార్ని తేరిపార చూసే కోడలూ ఉండదు. దాన్ని బెంచీ ఎక్కిద్దామంటున్నారు కదా, అదే తప్పుకి మిమ్మల్నేం చెయ్యమంటారు?"

ఆ రాత్రి మాస్టారు అన్నం సగమే తిన్నాడు. మర్నాడు ఆదివారం, ఆరాధన అవగానే కోటు గుండీలు పెట్టుకుని కొండమీద అక్క ఇంటివైపు నడిచాడు. మాడ్లోమో వెనకే వెళ్ళింది, పిలవకపోయినా.

నోంటెతోకి డెబ్బై ఎనిమిదేళ్ళు. కళ్ళు మందగించాయి గానీ ఎవరు ఏ ఆచారం తప్పారో మైలు దూరంనుంచి చూడగలదు. కోడలిని ఈ కట్టునుంచి విడిపించాలంటే ఒక్కో ఇంటికి ఒక్కో పద్ధతి. మబాండ్లావాళ్ళ పద్ధతిలో మావగారే మేకను కోసి, దొడ్డి దగ్గర గతించిన పెద్దలకి చెప్పుకోవాలి. అదీ మొదటి బిడ్డ పుట్టాకే. ఇది పెళ్ళయిన తొమ్మిదో నెల, బిడ్డ జాడ ఇంకా లేదు. మాడ్లోమో విడిపించే మాట ఎత్తబోతే ఆడపడుచు చెయ్యెత్తి ఆపింది. "నువ్వు కాదు. వాడడగాలి" అంది.

మాస్టారు టోపీ చేతుల్లో తిప్పుతూ అడిగాడు. తానూ ఆ పిల్లా ఒకరి మొహం ఒకరు చూసుకునేలా ఉండాలని, అదీ పాట ఉన్నంతసేపేనని, పాట అయ్యాక మళ్ళీ మామూలేనని చెప్పాడు. జీవితంలో అక్కని ఏదైనా మార్చమని అడగటం అదే మొదటిసారి.

"సగం విడిపించడానికి సగం మేకని కోస్తావా?" అంది అక్క. "విడిపిస్తే విడిపించు, బిడ్డ తరవాతైనా పుడుతుంది, లేకపోతే మానెయ్. నా తమ్ముడు పిల్లల్ని చూడకుండా పాట చెప్తున్నాడంటే నాకే సిగ్గుగా ఉంది. ఆ తెల్ల మచ్చల మేకని తోలుకుపో. అది నా మొక్కలన్నీ తినేస్తోంది."

మాడ్లోమో కొండ దిగేటప్పుడు నవ్వు ఆపుకోలేకపోయింది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఆడపడుచుకి జడిసి బతికాం, అడిగి చూడలేదు ఎందుకో అని మాస్టారితో అంది. మాస్టారు వినపడనట్టు మేకని లాగే పనిలో పడ్డాడు.

ఆఖరి రిహార్సల్ రోజు పొద్దున్నే దొడ్డి దగ్గర చేరారు. మాస్టారు పెద్దల పేర్లు వరసగా చెప్పుకుని, ఈ ఇంటికొచ్చిన పిల్లని ఎందుకు విడిపిస్తున్నాడో చెప్పాడు. ఇక మేక అరవాలి. అరిస్తే పెద్దలు ఒప్పుకున్నట్టు, అరవకపోతే ఆరోజుకి కత్తి పక్కన పెట్టెయ్యాలి. లువాజీ కత్తి మొనతో కాస్త పొడిచాడు. మేక అరవలేదు. నింపాదిగా నెమరువేస్తూ నిలబడింది. రెండోసారి పొడిచాడు. నోంటెతో చేతులు కట్టుకుంది. దొడ్డి గుమ్మం బయట నోసఖేలే శాలువాలో ముడుచుకుని నిలబడింది. అక్కడున్నవాళ్ళందరిలోకీ ఆ మేక గొంతు మీద ఎక్కువ ఆధారపడింది ఆ పిల్లే. మూడోసారికి అది మెడ చాచి, పొడుగ్గా, లోతుగా అరిచింది. "ఆల్టోనే" అన్నాడు లువాజీ. నవ్వకూడని చోట నవ్వినందుకు మేనత్త వాడి వీపు మీద చరిచింది, చరుస్తూ తనూ నవ్వింది.

మాస్టారు గుమ్మం దాకా వచ్చి, తొమ్మిది నెలల్లో మొదటిసారి కోడలితో నేరుగా మాట్లాడాడు. "అమ్మాయ్, ఇవాళ్టినుంచి నన్ను చూడు. నేనూ నిన్ను చూస్తాను" అన్నాడు. కానీ ఆ మాటలు ఆయన గుమ్మం గడప వంక చూస్తూ అన్నాడు. ఆ పిల్ల ఆయన బూట్ల వంక చూస్తూ తల ఊపింది. కట్టు విప్పినంత మాత్రాన దూడ వెంటనే గెంతదు.

మధ్యాహ్నం రిహార్సల్లో అందరూ పాట మానేసి వాళ్ళిద్దర్నీ చూశారు. మాడ్లోమో మళ్ళీ వరసలో, కోడలి పక్కనే నిలబడింది. నోసఖేలే చూపు బూటు నుంచి కోటు గుండీల దాకా, అక్కడినుంచి గడ్డం దాకా ఎక్కి ఆగిపోయింది. మాస్టారి చూపు ఏడో ఆల్టో దాటి, తడబడి, ఆ పిల్ల తలగుడ్డ మీద ఒక్క క్షణం నిలిచి పారిపోయింది. టుట్షానా గొంతు సవరించుకున్నాడు. గడ్డందాకా రావడం గొప్పే గానీ ఇంకా జానెడు మిగిలిందని, ఇచ్చిన మాట ప్రకారం స్కర్టు అడగవలసింది మాడ్లోమోయేనని అన్నాడు.

మాటంటే మాటే అని నలభైమందికి నేర్పిన మనిషి మాడ్లోమో. ఆ పిల్ల అప్పటికే శాలువా విప్పుతోంది, ఏడవలేదు.

మాస్టారు చేతులు దించేశాడు. "టుట్షానాగారూ, ఆ పిల్ల నా గడ్డందాకా వచ్చింది. నేను దాని తలగుడ్డ దాకానే వెళ్ళాను. లెక్క ప్రకారం నాదే ఎక్కువ తప్పు. చట్టం కింద నేనూ మూడుసార్లు కాదు, ముప్ఫైసార్లు చూపు తప్పాను. బెంచీ మీద ఇద్దరికి చోటుంచండి" అన్నాడు.

టుట్షానా మాస్టారిని చూశాడు, మాడ్లోమోని చూశాడు, ఉమ్‌టాటా ఫైనల్లో ఎవరు చెయ్యి ఊపుతారా అని కాబోలు హాలు పైకప్పు వంక చూశాడు. చివరికి, బస్సు శుక్రవారం ఆరింటికి బయల్దేరుతుందని, ఆలస్యమైనవాళ్ళు నడిచి రావాలని చెప్పి కూర్చున్నాడు. మాడ్లోమో కోడలి శాలువా మళ్ళీ కప్పి పిన్ను పెట్టింది. వేలికి గుచ్చుకుంది, నొప్పి తెలియలేదు.

ఉమ్‌టాటాలో ఏమైందో ముందే చెప్పేస్తాను, లేకపోతే మీ ధ్యాసంతా బహుమతి మీదే ఉంటుంది. ఇక్వేజీకి రెండో స్థానం వచ్చింది. మొదటి స్థానం వచ్చినవాళ్ళు నిజంగా బాగా పాడారు, కాకపోతే వాళ్ళ ముందు వరసలో ఇద్దరు గాజులు తియ్యలేదు. ఆ సంగతి మాడ్లోమో ఇప్పటికీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంది.

స్టేజీ పక్క నడవాలో ఆవిడ ఆఖరిసారి అందర్నీ తనిఖీ చేసింది. ఒకడి నోట్లోంచి చూయింగ్ గమ్ తీయించి కాగితంలో చుట్టింది. ఒక సోప్రానో చెవి వెనక సెంటు వాసన పట్టుకుని తడిగుడ్డతో రుద్దింది. కోడలి దగ్గరికి వచ్చినప్పుడు సరిచెయ్యడానికి ఏమీ దొరకలేదు. తలగుడ్డ, శాలువా, అంచు, బూట్లు, అన్నీ ఎలా ఉండాలో అలా ఉన్నాయి. ఊరికే భుజం మీద లేని నూలుపోగు తీసేసి ముందుకి నడిచింది.

ఎక్కారు, నిలబడ్డారు. మాస్టారు వచ్చాడు, వంగి నమస్కరించాడు, తిరిగాడు. వాన పాట మొదలైంది. రెండు చరణాలూ బండి నున్నటి రోడ్డు మీద వెళ్ళినట్టు వెళ్ళిపోయాయి. మూడోదానికి ముందు పాట ఆగింది.

మౌనం. మాస్టారి చెయ్యి గాలిలో నిలిచింది. మడమ కదల్లేదు. చూపు మొదటి ఆల్టో దగ్గర మొదలై ఒక్కొక్కరి మీదుగా వచ్చింది, ఏడోదాని దగ్గరకి వచ్చింది, ఎనిమిదోదాని దగ్గర ఆగింది. పారిపోలేదు. పిల్లల జవాబు కోసం కాచుకునే మాస్టరులా, తొందర లేకుండా, అక్కడే ఉంది. అప్పుడు మాడ్లోమో చెయ్యకూడని పని చేసింది. పక్కకి చూసింది. తలగుడ్డ కింద కోడలి కళ్ళు గడ్డం దాటి, మీసం దాటి, మెల్లగా పైకి లేచాయి. మావగారూ కోడలూ మొదటిసారి ఒకరినొకరు చూసుకున్నారు. మాస్టారి కనుబొమలు లేచాయి. నోసఖేలే ఊపిరి తీసుకుంది.

ఆల్టోలు అట్టడుగునుంచి ఎత్తుకున్నారు. ఒక్క మాడ్లోమో తప్ప. ముప్ఫై నాలుగేళ్ళలో మొదటిసారి ఆవిడ చూపు చేతి మీద లేదు, కోడలి మొహం మీదే ఉండిపోయింది, నోరు తెరుచుకునే ఉంది గానీ పాట రాలేదు. ఎవరూ గమనించలేదు. నోసఖేలే గమనించింది. మాస్టారి మీదనుంచి చూపు తిప్పకుండా, స్వరం ఇసుమంతైనా చెదరకుండా, శాలువా చాటున మోచేత్తో అత్తగారి పక్కటెముకల్లో గట్టిగా ఒక్క పోటు పొడిచింది. మాడ్లోమో పాడటం మొదలుపెట్టింది.